ముఖమల్‌కు రంగు నిర్ణయించిన సంఘం

రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అన్నారు పెద్దలు. రాజులు పోయారు, దెబ్బలూ తగ్గాయి. ఇప్పుడు సంచాలకులవారు తలుచుకుంటే సంఘాలకు కొదవ ఉండదు. అందుచేత హైదరాబాదులో ఒక పాత నవాబుల దేవిడీలో నడుస్తున్న ప్రభుత్వ ప్రాచీన కళావస్తు ప్రదర్శనశాలలో, ఒక గుడ్డముక్క రంగు తేల్చడానికి సంఘం వేశారంటే ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. వస్త్ర విభాగం కీపరు తారకం కూడా మొదట్లో వేసుకోలేదు. ప్రభుత్వోద్యోగంలో జుట్టు నెరిసినవాడికి ఆశ్చర్యపోయే గుణం కాస్త మొద్దుబారుతుంది.

గుడ్డముక్క అంటే తారకం నొచ్చుకుంటాడు కనుక దాని సంగతి సరిగ్గా చెప్పుకోవాలి. అది ఆటోమన్ సుల్తానుల కాలంలో, తురుష్క దేశపు బుర్సా పట్నంలో నేసిన పట్టు ముఖమల్. గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ల వీపుకు మెత్తగా ఉండాలని కుట్టించుకునే బాలీసు గలీబు, అంటే దిండు తొడుగు. దానిమ్మగింజ ఎరుపు మీద వెండి జరీతో కార్నేషన్ పూలు ఉంటాయి. మామూలు పూలు కావు, విసనకర్రలా రేకులన్నీ విప్పుకుని నిలబడ్డ పూలు. ఒక్కో రేకులో మళ్లీ ఒక బుల్లి తులిప్ మొగ్గ. రెండు చివరలా వరుసగా గూళ్లు, గూటికొక పూరెమ్మ. ఏ వర్తకుడు తెచ్చాడో, ఏ నవాబు దానికి ఆనుకుని హుక్కా తాగాడో తెలియదు. దేవిడీ సర్కారుపరమైనప్పుడు గడియారాలతో, గుర్రపు జీనులతో పాటు ఇదీ వచ్చింది.

తారకానికి దానిమీద ప్రాణం. పెళ్లిచూపుల్లో నన్ను అంతసేపు చూసి ఉంటే నా ముక్కు వంకర అప్పుడే తెలిసిపోయేది కదా అని అతని భార్య దెప్పుతూ ఉంటుంది. అతనికి అన్నిటికన్నా ఇష్టమైనది ఆ గలీబు చేసే ఒక చిన్న గారడీ. హాలుకు తూర్పున ఒక గుమ్మం, పడమటన ఒక గుమ్మం ఉన్నాయి. గలీబు నడుమ గాజుపెట్టెలో పరిచి ఉంటుంది. తూర్పు గుమ్మంలోంచి వచ్చి చూస్తే అది దానిమ్మగింజలా ధగధగలాడుతుంది. పడమటి గుమ్మంలోంచి వస్తే అదే గలీబు నేరేడుపండులా నల్లబడుతుంది. ఇందులో మంత్రం లేదు. ముఖమల్ మీద సన్నటి పట్టునూగు ఉంటుంది. అది పిల్లి వీపు మీది బొచ్చులా ఒకే వైపుకు వాలి ఉంటుంది. వాలినవైపు నుంచి చూస్తే ఒక రంగు, ఎదురువైపు నుంచి చూస్తే మరో రంగు. నాలుగు వందల ఏళ్లుగా అది అలాగే చేస్తోంది, ఎవరూ దానికి సంజాయిషీ నోటీసు ఇవ్వలేదు.

ఇలా ఉండగా ప్రదర్శనశాలల శాఖకు ఒక కొత్త ఉత్సాహం వచ్చింది. వస్తువులన్నింటినీ ఒక యాప్‌లోకి ఎక్కించాలన్నారు. యాప్‌లో రంగు అనే గడి ఉంది. ఆ గడిలో ఒకే రంగు పడుతుంది. రెండోది ఎక్కిస్తే మొదటిది ఎగిరిపోతుంది. యాప్‌ను మార్చడం కష్టమని తేలడంతో ప్రపంచాన్నే మార్చాలని నిర్ణయించారు. 'ఒక వస్తువు – ఒకే రంగు' అనే నియమావళి వెలువడింది. దానిలో మూడో నియమం ఇది: 'ప్రాంగణమునందు గల ఏ వస్తువైనను ఒకటికి మించిన వర్ణములు కనబరచినచో, అట్టి వస్తువును ఏకవర్ణ స్థితికి తీసుకురావలెను.'

నియమం అమలును చూడటానికి ఏకాంబరం అనే తనిఖీ అధికారి వచ్చాడు. మనిషి మంచివాడు, నిజాయితీపరుడు, ఎవరి దగ్గరా టీ కూడా తాగడు. సొంత డబ్బులతో బయట తాగుతాడు. చేతిలో పలకలాంటి ట్యాబ్, మీద ఎండాకాలంలోనూ విప్పని కోటు. తూర్పు గుమ్మంలోంచి వచ్చి గలీబును చూసి, యాప్‌లో 'ఎరుపు' అని నొక్కి, టీకి వెళ్లాడు. తిరిగి పడమటి గుమ్మంలోంచి వచ్చాడు. పెట్టె ముందు ఆగాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ తరువాత అతను వేసిన కేకకు పక్క హాల్లో పాత గడియారం ఒకటి ఆగిపోయిందంటారు కానీ, అది అంతకుముందే ఆగి ఉంది.

"గేట్లు మూయండి! వస్తువు మారిపోయింది!"

గేట్లు మూశారు. లోపల ఉన్న సందర్శకుల సంచులు వెతికారు. ఆ హాలు కాపలా చూసే సఫియా బేగం టిఫిను డబ్బా విప్పించారు. అందులో ఖట్టీదాల్ తప్ప ఏమీ దొరకలేదు.

"అయ్యో సార్, నాలుగు గజాల దూరంలో కుర్చీ ఏస్కోని కూసున్న. నా కండ్ల ముంగట ఎవరు మారుస్తరు?" అంది సఫియా, డబ్బా మూత పెట్టుకుంటూ. "మారిస్తే ఎర్రది తీస్కపోయి నల్లది పెడ్తరా? గా నల్లది ఎక్కడికెల్లి తెస్తరు?"

తారకం పరుగున వచ్చి ఏకాంబరాన్ని చేయి పట్టుకుని తూర్పువైపుకు నడిపించాడు. ఎరుపు. పడమటికి తీసుకెళ్లాడు. నలుపు. మళ్లీ తూర్పుకు. ప్రదక్షిణలు పూర్తయ్యేసరికి ఏకాంబరం కళ్లు తిరిగి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇది నూగు వాలు సార్. ముఖమల్ లక్షణమే అంత. రంగు ఒక్కటే, మనం నిలబడే చోటు మారుతుంది."

"తారకం గారూ, మీరు చెప్పేది శాస్త్రం. నేను అడిగేది రంగు. నేను నిలబడే చోటు రాయడానికి యాప్‌లో గడి లేదు."

నివేదిక సంచాలకులు ప్రభంజనరావు గారి బల్ల మీదికి చేరింది. ఆయన సభల్లో మాట్లాడితే గ్రాంథికంగా, ఇంట్లో మాట్లాడితే మెల్లగా మాట్లాడే మనిషి. నివేదికను రెండుసార్లు చదివి, తారకాన్ని పిలిపించి, కళ్లజోడు పైనుంచి చూశారు.

"ఉభయవర్ణ స్థితి ఉపేక్షింపదగినది కాదయ్యా. ఇవాళ ఒక బాలీసు రెండు రంగులు చూపిస్తే ఊరుకుంటాం. రేపు శిలాశాసనం రెండు మాటలు చెబుతుంది. ఎల్లుండి సిబ్బంది రెండు నాలుకలతో మాట్లాడతారు. శాఖ ఎటు పోతున్నట్టు?"

"సార్, తూర్పు నుంచి ఎరుపు, పడమర నుంచి నలుపు అని పక్కన చిన్న చీటీ పెడితే..."

"చీటీలతో పరిపాలన సాగదు. సంఘం వేద్దాం."

అలా వర్ణ నిర్ధారణ సంఘం పుట్టింది. గోడలకు వేసే రంగుల గురించి తెలిసిన ఒక ఇంజినీరును, ఒక కంటి డాక్టరును, ఇంకా ఖాళీగా ఉన్న కొందరు పెద్దమనుషులను సభ్యులుగా వేశారు. ప్రత్యేక ఆహ్వానితుడిగా ఒక వాస్తు సిద్ధాంతి గారు వచ్చారు. గాజుపెట్టె చుట్టూ కుర్చీలు వేశారు. తూర్పున కూర్చున్నవాళ్లు ఎరుపు అన్నారు. పడమటన కూర్చున్నవాళ్లు నలుపు అన్నారు. మాటా మాటా పెరిగింది. ఎర్రవాళ్ల కళ్లకు శుక్లాలున్నాయని నల్లవాళ్లు అన్నారు. మీ మనసుకున్నాయని ఎర్రవాళ్లు అన్నారు. కంటి డాక్టరు అక్కడికక్కడే అందరికీ పరీక్ష చేసి, సగం మందికి అద్దాలు రాశాడు. రంగు మాత్రం తేలలేదు.

అంతలో భోజనాలు వచ్చాయి. తిని వచ్చాక ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ, ఫ్యాను గాలి చూసుకుని కూర్చున్నారు. పొద్దున నలుపు అన్న ఇంజినీరు ఇప్పుడు ఎరుపు అనడం మొదలుపెట్టాడు. ఎరుపు అన్న డాక్టరు నలుపు అన్నాడు. ఏకాంబరం నిజాయితీగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, 'భోజనానంతరము సభ్యులందరును ఏకగ్రీవముగా తమ అభిప్రాయములను మార్చుకొనిరి' అని రాసుకున్నాడు.

సిద్ధాంతి గారు అప్పుడు గొంతు సవరించుకున్నారు. దోషం గుడ్డలో లేదు, పెట్టె పడకలో ఉంది అన్నారు. పెట్టెను తల ఇటూ కాళ్లు అటూ తిప్పించారు. దాంతో పడమర ఎరుపైంది, తూర్పు నలుపైంది. "చూశారా, దోషం కదిలింది," అని ఆయన సంభావన పుచ్చుకుని వెళ్లిపోయారు. కదిలిన దోషాన్ని మళ్లీ పాత చోటికి తెచ్చేసరికి తారకానికి నడుం పట్టేసింది.

సంఘం తాత్కాలికంగా ఒక ఏర్పాటు చేసింది. పడమటి గుమ్మం నుంచి రాకపోకలు బందు. అందరూ తూర్పు నుంచే రావాలి, ఎరుపునే చూడాలి, చూస్తూ ముందుకు పోయి పక్క హాల్లోకి మళ్లాలి, పెట్టె దాటాక వెనక్కి తిరిగి చూడరాదు. ఇది చూసుకోవడానికి సఫియాకు ఒక ఈల ఇచ్చారు.

ఇక్కడే శాఖవారు మనిషి స్వభావాన్ని తక్కువ అంచనా వేశారు. బాలీసు గలీబు చూడటానికి అంతవరకూ రోజుకు పట్టుమని పదిమంది వచ్చేవాళ్లు కాదు. వచ్చినవాళ్లు కూడా బాత్రూము ఎక్కడని అడిగేవాళ్లు. వెనక్కి చూడొద్దన్న మరుసటి రోజు నుంచి దేవిడీ గేటు దాకా లైను కట్టారు.

"ఎనక్కి చూడొద్దు! ముంగటికి నడువుండ్రి!" సఫియా ఈల వేసేది. వెంటనే అందరూ వెనక్కి చూసేవాళ్లు. నల్లగా కనిపించేది. "యా అల్లా!" "రామ రామ!"

వెనక్కి చూస్తే నల్లబడుతుందంటే కారణం ఉండాలి కదా. కారణం లేకపోతే జనమే ఒకటి కల్పించి పెడతారు. చార్మినారు దగ్గర బయల్దేరిన మాట సాయంత్రానికి సికింద్రాబాదు చేరింది: ఆ సుల్తాను గలీబు మహిమగలది, తప్పు చేసినవాళ్లకు నల్లగా కనిపిస్తుంది. ఇక భార్యలు భర్తలను తీసుకొచ్చారు. వ్యాపారంలో భాగస్తులు ఒకరినొకరు లాక్కొచ్చారు. ఎవరికి వాళ్లు తూర్పున నిలబడి, ఎదుటివాణ్ని పెట్టె అవతలికి తోసి, "ఏం కనిపిస్తున్నది? నిజం చెప్పు!" అని గద్దించేవాళ్లు. ఒక కొత్త పెళ్లికూతురు హాల్లోనే కూర్చుని ఏడిస్తే, తారకం నూగు వాలు గురించి చెప్పి ఓదార్చబోయాడు. "మీరు మగోళ్లంతా ఒక్కటే," అని ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఈ గొడవలోనూ తారకానికి లోలోపల సంతోషంగానే ఉండేది. ఎందుకు చూస్తేనేం, గలీబును ఇంతమంది చూస్తున్నారు. కొట్లాటకు వచ్చినవాళ్లలోనే ఒకరిద్దరు ఆ పూల దగ్గర ఆగి, ఇంత సన్నగా ఎట్లా నేశారండీ అని అడిగేవాళ్లు. ఆ ఒక్క ప్రశ్న కోసం అతను రోజంతా నిలబడగలడు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. 'దేశంలోనే తొలి ఏకవర్ణ ప్రదర్శనశాల' అని ప్రకటించి, దాని ప్రారంభానికి ప్రభంజనరావు గారు మంత్రిగారిని పిలిచారు. మంత్రిగారు సరేనన్నారు. ఆ మర్నాడు మంత్రిగారి దగ్గరి మనిషి ఫోను చేసి, అక్కడ ఏదో గుడ్డ ఉందట కదా, తప్పు చేసినవాళ్లకు నల్లగా కనిపిస్తుందట కదా, సార్ ఏ వైపు నిలబడాల్సి వస్తుంది అని అడిగాడు. వెనకాల కెమెరాలు కూడా ఉంటాయి కదా అని గుర్తుచేశాడు.

ప్రభంజనరావు గారికి ఆ పూట అన్నం సహించలేదు. మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. 'వర్ణద్వయమునకు మూలకారణము నూగు అని కీపరు శ్రీ తారకం గారే పలుమార్లు వివరించియున్నందున, సదరు నూగును ఆవిరి యంత్రముతో ఇస్త్రీ చేయించి శాశ్వతముగా చదును చేయవలెను.'

తారకం ఆ కాగితం చదివాడు. తను చెప్పిన మాటే తన గలీబు మెడకు చుట్టుకుంది. ముఖమల్‌కు నూగే ప్రాణం. ఒకసారి కాల్చి పడుకోబెడితే మళ్లీ లేవదు. పూలుంటాయి, జరీ ఉంటుంది, కానీ అది ముఖమల్ కాదు, మాసిన దుప్పటి. పరుగున సంచాలకుల గదికి వెళ్లాడు.

"సార్, నాలుగు వందల ఏళ్ల వస్తువు సార్. కాల్చేస్తున్నాం."

"కాల్చడమేమిటయ్యా, ఇస్త్రీ. పెళ్లికి వెళ్లేముందు నువ్వు చొక్కా ఇస్త్రీ చేయించుకోవూ? అభ్యంతరముంటే రాసివ్వు."

రాసిచ్చాడు. జవాబు కూడా వెంటనే వచ్చింది: 'మీ అభ్యంతరము చదునుచేయు పని పూర్తియైన పిదప పరిశీలించబడును.'

ఇస్త్రీకి ఇంకా రెండు రోజుల గడువుంది. ఇంట్లో ఆ రెండు రోజులూ అతను ముద్ద దిగక కూర్చున్నాడు. ఎత్తుకుపోయి దాచేస్తేనో అని కూడా ఆలోచించాడు. గలీబును చంకలో పెట్టుకుని బస్సు ఎక్కుతున్నట్టు ఊహించుకుని, కండక్టరు అది ఎరుపా నలుపా అని అడుగుతాడేమోనని భయపడి మానుకున్నాడు. దొంగతనానికి కూడా పెట్టి పుట్టాలి.

ఇస్త్రీ రోజు వచ్చింది. ఫంక్షన్ హాళ్ల తెరలు ఇస్త్రీ చేసే ఒక పెద్ద యంత్రాన్ని తెప్పించారు. అది హాల్లో నిలబడి బుస్సుబుస్సుమంటోంది. మన దగ్గర ఏ యంత్రాన్నయినా బొట్టు పెట్టకుండా మొదలుపెట్టరు కనుక, ఆ శుభకార్యానికి ప్రభంజనరావు గారు భార్య హైమవతి గారిని తీసుకొచ్చారు. ఆమె పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని, కొత్త పట్టుచీర గరగరలాడుతుండగా, కిటికీ పక్కనుంచి నడిచి వచ్చింది. యంత్రానికి మూడు బొట్లు పెట్టింది. సంచాలకులు కొబ్బరికాయ కొట్టారు. గాజుపెట్టె తాళం తీయమని తారకానికి సైగ చేశారు.

తారకం చెయ్యి తాళం మీద ఉంది కానీ కళ్లు చీర మీద ఉన్నాయి. ఇందాక కిటికీ దగ్గర ఉన్నప్పుడు ఆ చీర నీలంగా ఉంది. ఇప్పుడు ఆకుపచ్చగా ఉంది. జీవితంలో పరాయి ఆడవాళ్ల చీర గురించి అడిగినవాడు కాదు. అందులోనూ పై అధికారి భార్యను. అయినా మునిగేవాడికి చలేమిటి అనుకున్నాడు.

"అమ్మా... ఏమీ అనుకోకపోతే... చీర ఏం రంగు?"

సఫియా నోట్లో ఈల అలాగే ఉండిపోయింది. హైమవతి గారి ముఖం మాత్రం విచ్చుకుంది.

"నెమలికంఠం. మా పెండ్లిరోజుకు తీస్కున్న. పొద్దుటి నుంచి మా ఆయన ముంగట పదిసార్లు తిరిగిన. ఆయనకు కండ్లవడలేదు, మీకన్న వడ్డది."

"ఏకాంబరం గారూ, ఈ రంగు మన యాప్‌లో ఎలా ఎక్కిస్తారండీ?" అన్నాడు తారకం.

ఏకాంబరం నిజాయితీపరుడని ముందే చెప్పుకున్నాం. అధికారి భార్య అయినా అతనికి చీర చీరే. ట్యాబ్ తీశాడు. చూశాడు. "ఆకుపచ్చ," అని నొక్కాడు. హైమవతి గారు పళ్లెం కింద పెట్టడానికి వంగింది. "నీలం." ఆమె లేచింది. "ఆకుపచ్చ." అతని నుదుటిమీద చెమట పట్టింది. ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, ట్యాబ్ మూసి, నిటారుగా నిలబడ్డాడు.

"మేడమ్, విచారంతో తెలియజేస్తున్నాను. ఇది ఉభయవర్ణ వస్తువు. మూడో నియమం ప్రకారం ప్రాంగణంలో ఉన్న ఏ వస్తువైనా సరే, ఏకవర్ణ స్థితికి తేవాలి."

యంత్రం దగ్గర ఉన్న మనిషికి ఈ గొడవ ఏమీ అర్థం కాలేదు. అతనికి ఇంకో చోట ఫంక్షన్ హాలు తెరలు ఎదురుచూస్తున్నాయి. "ముందుగాల చీర చేద్దునా సార్, గలీబు చేద్దునా?" అని అడిగాడు.

హైమవతి గారు కొంగు బిగించింది. "ముట్టుండ్రి నా చీరను. ముట్టినోని ముఖం ఎన్ని రంగులు మారుతదో నేను జూపిస్త."

"హైమా, అది నియమం. నేనే సంతకం పెట్టిన..." అన్నాడు ప్రభంజనరావు, గ్రాంథికం మరిచిపోయి.

"నువ్వేనా? దుకాణంల నువ్వే గదా అన్నది, నెమలికంఠం తీస్కో హైమా, ఒక్కటే రంగు నిండుగ ఉంటది అని? అప్పుడు ఒక్క రంగు, గిప్పుడు రెండు రంగులా? రెండు రంగులైతే రెండు పేర్లుండాలె. నెమలికి మెడ ఒక్కటే ఉంటది, రెండుంటయా?"

సంచాలకులు నియమావళి వైపు చూశారు, భార్య వైపు చూశారు. నియమావళిని సవరించవచ్చు. గొంతు సవరించుకున్నారు. "రాసుకోండి ఏకాంబరం గారూ. రెండు వర్ణములు ఒకే నామధేయమునందు సుఖముగా నివసించుచున్నచో, దానిని ఏకవర్ణముగానే శాఖ పరిగణించును. నెమలికంఠమును యాప్ నందు తక్షణమే చేర్చవలెను."

"చేర్చాం సార్," అన్నాడు ఏకాంబరం. "చీర ఏకవర్ణం. మరి చీరకొక న్యాయం, గలీబుకొక న్యాయం అంటే రేపు ఆడిట్లో అభ్యంతరం వస్తుంది. రెండు రంగులకు ఒకే పేరుగా యాప్‌లో ఉన్నది నెమలికంఠం ఒక్కటే. కాబట్టి గలీబు కూడా నెమలికంఠమే."

"అయ్యో, అది ఎరు..." అనబోయి తారకం నాలుక కరుచుకున్నాడు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అతను ఒక్క వస్తువుకు కూడా తప్పు వివరం రాయలేదు. అలాంటిది దానిమ్మగింజ రంగు ముఖమల్‌కు నెమలికంఠమని సంతకం పెట్టాలి. పెట్టెలోకి చూశాడు. నూగు ఇంకా లేచే ఉంది. పూలు తమ విసనకర్రలు విప్పుకుని, ఈ గొడవతో తమకేం పనిలేనట్టు ఉన్నాయి. తప్పు వివరం కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు, కాలిపోయిన నూగును మళ్లీ నేయించలేం. తారకం సంతకం పెట్టాడు. ఏడుపొచ్చినంత పనైంది, దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాడు. బొట్టు పెట్టిన యంత్రాన్ని ఊరికే పంపితే అరిష్టమని హైమవతి గారు అనడంతో ఏకాంబరం కోటు విప్పించి, దాన్ని ఇస్త్రీ చేయించి పంపారు.

మంత్రిగారు అనుకున్న రోజుకే వచ్చారు. గాజుపెట్టె మీద కొత్త పలక మెరుస్తోంది: 'ఆటోమన్ పట్టు ముఖమల్. రంగు: నెమలికంఠం.' హడావుడిలో ఎవరో మూసి ఉంచాల్సిన పడమటి గుమ్మం తెరిచారు. మంత్రిగారు ఆ గుమ్మంలోంచే వచ్చి, సరిగ్గా నల్లగా కనిపించే చోట నిలబడ్డారు. కెమెరాలన్నీ ఆయన ముఖం మీదికి తిరిగాయి.

మంత్రిగారు పలక చదివారు. గలీబు చూశారు. మళ్లీ పలక చదివారు. "నెమలికంఠం అని రాసిండ్రు. ఏదీ నెమలి?"

తారకం ఒకడుగు ముందుకేసి, ఇక నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఈలోపు సఫియా వేలు చూపించింది.

"గవే కద సార్ నెమళ్లు. పురి ఇప్పుకోని నిలవడ్డయి చూడుండ్రి. గూళ్లు గూడ ఉన్నయ్ ఇటు అటు."

మంత్రిగారు వంగి చూశారు. ఒక్కసారి అలా అన్నాక ఇక కార్నేషన్లు కనిపించమన్నా కనిపించవు. వెండి పురులు విప్పుకుని వరుసలు వరుసలుగా నెమళ్లే. "అబ్బ! ఎంత ముచ్చటగున్నయ్!" అన్నారు. వెనకున్నవాళ్లంతా "ముచ్చట, ముచ్చట" అన్నారు. గలీబు నలుపా ఎరుపా అన్న మాటే ఎవరికీ గుర్తు రాలేదు. మంత్రిగారు పెట్టె చుట్టూ తిరిగి, రెండు వైపుల నుంచీ నెమళ్లను చూసి, సంతోషంగా ఫొటో దిగి వెళ్లిపోయారు. మర్నాడు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వార్త పడింది: నాలుగు వందల ఏళ్లుగా హైదరాబాదు దేవిడీలో సుల్తాను నెమళ్లు.

తారకం పడమటి గుమ్మం మళ్లీ తెరిపించాడు. సఫియా ఈలను తన మనవరాలికి ఆడుకోవడానికి ఇచ్చేసింది. జనం రెండు వైపుల నుంచీ వచ్చి, నెమళ్లను లెక్కపెట్టుకుని, ఎరుపునూ నలుపునూ చూసి, గొడవ పడకుండా వెళ్తున్నారు. ఒకరోజు ఎవరూ లేని వేళ చూసి తారకం పలక కింద చిన్న అక్షరాలతో 'నూగు వాలును గమనించగలరు' అని రాసుకున్నాడు. ఆ పూట అతనికి అన్నం బాగా సహించింది.

వారం తిరక్కుండా అటవీశాఖ నుంచి ఒక అధికారి జీపు దిగాడు. చేతిలో పత్రిక ముక్క, పక్కన ఇద్దరు గార్డులు, ఒకడి భుజాన వల.

"కీపరు మీరేనా? నెమలి జాతీయ పక్షి అని తెలుసు కదా. నాలుగు వందల ఏళ్లుగా ఏ అనుమతి మీద నెమళ్లను బంధించారు? ఎన్ని ఉన్నాయి? ఆరోగ్యంగా ఉన్నాయా?"

తారకం అతని ముఖంలోకి, వలలోకి, మళ్లీ ముఖంలోకి చూశాడు. అతనికి ఆశ్చర్యం వేయలేదు. భయం కూడా వేయలేదు. తాళంచెవుల గుత్తి తీసుకుని లేచాడు.

"బ్రహ్మాండంగా ఉన్నాయి సార్, రండి చూపిస్తాను. తూర్పు గుమ్మంలోంచి వస్తారా, పడమటి గుమ్మంలోంచా?"